కెప్టెన్ పిల్ల తువ్వాలు

ఎచ్చెర్ల దగ్గర కాలేజీ హాస్టల్లో నేను వంట చేస్తున్నప్పుడు ఆడపిల్లల కబడ్డీ జట్టుకి కెప్టెన్‌గా ఒక పిల్ల ఉండేది. ఆట అవగానే తన తువ్వాలుతోనే అందరికీ మొహం, మెడ వరసగా తుడిచేది. తనది ఆఖర్న. మర్నాడూ అదే తువ్వాలు.

ఒకసారి నలుగురికి మెడల మీద సెగ్గడ్డలు లేచాయి. ఎన్ని మాత్రలు మింగినా తగ్గలేదు. డాక్టరమ్మ జట్టందరి ముక్కుల్లోనూ దూదిపుల్ల తిప్పి పరీక్షకి పంపింది. ఒంటిమీద ఒక్క గడ్డా లేని ఒకరి ముక్కులో, మందులకి లొంగని ఆ క్రిమి కాపురం పెట్టిందట. ఆ సంగతి ఆ మనిషి ఒక్కదానికే చెప్పింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ కొత్తగా చేరిన పిల్ల మీద పడ్డారు.

"ఒసే, నువ్వొచ్చిన కాడినుంచే కదే ఇదంతా! దూరంగా కూకో."

ఆ పిల్ల ఏడ్చుకుంటూ వెళ్లి, ఊరెళ్లిపోతానని సంచి సర్దుకొచ్చింది.

కెప్టెన్ పిల్ల కంచం వదిలి లేచింది.

"దాన్నేటంటన్నారే? ఆ క్రిమి నా ముక్కులో ఉన్నాది. నా తువ్వాలుతో నేనే మీకు అంటించీసేను. తిడితే నన్ను తిట్టండి."

నేనైతే చచ్చినా బయటపెట్టేదాన్ని కాదు. కెప్టెన్ పిల్ల తల వంచుకుని బయటికి నడవబోతుంటే, కొత్త పిల్ల సంచి కింద పడేసి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ముక్కులో ఉన్నాది గాని కడుపులో లేదు కదక్కా. తిను."