పన్నెండో తారీఖు కవరు

ఆఫీసులో అందరూ ఆయన్ని తేదీల సార్ అంటారు. పత్రికలో ఎనిమిదో పేజీ అడుగున 'చరిత్రలో ఈ రోజు' అని అరచేయంత గడి ఒకటి వస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ గడి ఆయనదే. రోజుకు ఐదే సంగతులు. ఆరోది పట్టదు, నాలుగుతో ఆయన సరిపెట్టుకోడు. బల్ల పక్కన బీరువాలో మూడువందల అరవై ఆరు కవర్లు, కవరుకో తారీఖు, కవరు నిండా సంగతులు రాసిన అట్టముక్కలు. ఏ సంగతైనా అట్టముక్క ఎక్కాలంటే రెండు పుస్తకాల్లో కనబడాలి. ఒక్కదాంట్లోనే ఉంటే, అది ఎంత గొప్పదైనా సరే, గుమ్మం బయటే. ఇంత చాదస్తపు మనిషికి పిల్లనెవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు.

ఒంటికాయ శొంఠికొమ్ములా ఒక గదిలో అద్దెకుంటాడు. ఆ గదిలో టీ కప్పు కూడా ఒక్కటే. పొద్దున్నే టీ కలుపుకుంటూ, ఇవాళ ఫలానా ఓడ మునిగిన రోజు కదా అనుకుంటాడు. ఆ మాట ఎవరికైనా చెప్పాలని నోరు దురదపెడుతుంది. పక్కవాటా వాళ్లకి ఒకటి రెండుసార్లు చెప్పి చూశాడు. వాళ్లు "అలాగా" అని తలుపేసుకున్నారు. ఏం చేస్తారు పాపం, పళ్లు తోముకునే వేళ మునిగిన ఓడ ఎవరికి కావాలి!

వినే మనిషి ఒకప్పుడు ఉండేది. అక్క. తల్లి పోయాక తమ్ముణ్ని తనింట్లో పెట్టుకుని చదివించింది. బావ సిటీ బస్సు డ్రైవరు. రోజూ డిపోలో ఆ గడిని పైకి చదివి, "మా బామ్మర్ది రాసింది" అని నలుగురికీ చెప్పి గానీ బస్సు తీసేవాడు కాదు.

ఆ బావ తొమ్మిదేళ్ల కిందట ఏప్రిల్ పన్నెండు సాయంత్రం ఇంట్లోనే, అక్క ఒళ్లో పోయాడు. డాక్టరు మర్నాడు పొద్దున గానీ రాలేదు. వచ్చి, కాగితం మీద పదమూడని వేసి వెళ్లాడు. ఏడాది తిరిగాక అక్క బావ ఫొటోతో పత్రికకు సంస్మరణ ప్రకటన పంపింది, పన్నెండో తారీఖని రాసి. అచ్చుకు వెళ్లేముందు అది తేదీల సార్ కంట పడింది. ఇక చెయ్యి ఊరుకుంటుందా? కొట్టేసి పదమూడు చేశాడు. చేసినవాడు నోరు మూసుకున్నా బాగుండేది. మెచ్చుకుంటుందనుకుని ఫోన్ చేశాడు.

"అక్కా, తేదీ తప్పు పడబోయింది. చూసి సరిచేశాను."

"నా ఒళ్లో పోయిన మనిషి ఏ రోజు పోయాడో నువ్వు చెబుతావురా నాకు?"

"కాగితంలో అలాగే ఉంది కదక్కా. నీ ఒక్క మాట మీద ఎలా వేస్తాం?"

తప్పయిపోయిందక్కా అనాల్సిన చోట ఆ మాట అన్నాడు మహానుభావుడు. అక్క ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఎత్తలేదు. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్తే తలుపు తీయలేదు. ఉత్తరం రాద్దామని కూర్చుంటే, పైన తేదీ వేసి అక్కడే ఆగిపోయేవాడు.

ఈ ఏప్రిల్ మొదట్లో పైనుంచి కబురొచ్చింది: పేజీ మారుస్తున్నారు, పదిహేనో తారీఖు తర్వాత ఆ గడి ఉండదు. ముసలాయన ఏమైపోతాడోనని అందరూ జాలిపడ్డారు. ఆయన మాత్రం వేళ్లు మడిచి రోజులు చూసుకున్నాడు. పన్నెండో తారీఖు ఇంకొక్కసారి వస్తుంది. అచ్చులో చేసిన తప్పు అచ్చులోనే దిద్దాలి, అందుకు ఆ ఒక్క రోజే మిగిలింది.

పన్నెండో తారీఖు కవరు బాగా లావు. మనిషి తొలిసారి అంతరిక్షంలోకి వెళ్లిందీ, పోలియో టీకా పనిచేస్తుందని ప్రకటించిందీ, అమెరికాలో అంతర్యుద్ధం మొదలైందీ, తొలి స్పేస్ షటిల్ ఎగిరిందీ, పదవిలో ఉన్న అమెరికా అధ్యక్షుడు ఒకాయన చనిపోయిందీ ఆ రోజే. తేదీల సార్ అధ్యక్షుడి అట్టముక్క తీసి పక్కన పెట్టాడు. ఆ ఖాళీలో ఇలా రాశాడు: 'తొమ్మిదేళ్ల కిందట, ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపిన ఒక డ్రైవరు సాయంత్రం నాలుగు గంటలకు తన ఇంట్లో కన్నుమూశాడు. సాక్షి: ఆయన భార్య.'

పేజీ చూసే అమ్మాయి కాగితం పట్టుకుని వచ్చింది. "సార్, ఈ ఐదోది ఏ పుస్తకంలో ఉంది?"

"పుస్తకంలో లేదమ్మా. చూసిన మనిషి ఉంది."

"ఒక్కరేనా?"

"ఒక్కరు చాలు."

ఆ అమ్మాయి ఆయన మొహం చూసి, ఇంకేమీ అడగకుండా పేజీ పంపేసింది.

పన్నెండు పొద్దున ఆయన ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అసలు ఈ ఎనిమిదేళ్లలో అక్క ఆ పత్రిక ముట్టుకుందో లేదో కూడా తెలియదు. ఏడైంది, ఎనిమిదైంది. కప్పులో టీ మీగడ కట్టింది. తొమ్మిదింటికి ఆశ వదులుకుని చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ మోగింది.

"నాలుగు కాదురా," అంది అక్క. పలకరింపూ లేదు, పాడూ లేదు. "నాలుగుంబావు."

ఆయన జేబులోంచి పెన్ను తీసి పత్రిక మీదే కొట్టేసి దిద్దాడు. రుజువేదని అడగలేదు.

"నాలుగుంబావు," అన్నాడు. "తప్పయిపోయిందక్కా."

ఈసారి అక్క ఫోన్ పెట్టెయ్యలేదు. ఆయన చెప్పులతోనే మంచం మీద కూర్చున్నాడు, అలాగే చెవికి ఆనించుకుని. చాలాసేపటికి అక్క ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

"ఇంతకీ రేపటికి ఏం వేశావురా?"

ఆయన కళ్లు తుడుచుకుని, ఒకటోది నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.