గేటు దాకా సాగనంపే విద్య

సముద్రం దాటి లంకకు వెళ్లి, అక్కడ ఒక స్త్రీ కష్టం తీర్చి వచ్చిన కథ ఇది. ఊపిరి బిగబట్టి చదవండి. వద్దులెండి, మామూలుగానే పీల్చుకోండి. సముద్రం దాటడానికి చెన్నైలో విమానం మారాల్సి వచ్చింది, కిటికీ సీటు దొరకలేదు, కష్టం తీర్చింది నేనేనని ఆమె ఇంతవరకు ఒప్పుకోలేదు.

నేను గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీలో కౌన్సెలర్‌ని. ఉద్యోగులు మనసు విప్పి మాట్లాడుకోవడానికి కంపెనీ ఒక గది ఇచ్చింది. అందులో రెండు సోఫాలు, ఒక ప్లాస్టిక్ మొక్క, నేను. హఫీజ్‌పేటలో నేను కిరాయికి ఉండే ఇంటి ఓనర్‌కి ఈ ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ అంతుపట్టలేదు. ప్రయాణం సంగతి తెలిసి మెట్ల దగ్గర ఆపాడు.

"ఏంది తమ్మీ, కౌన్సెలింగ్ పని మీద లంకకు పోతున్నవట. ఆడ ఇంజినీరింగ్ సీట్లు ఇస్తరా?"

"ఆ కౌన్సెలింగ్ కాదంకుల్. మనుషుల బాధలు వినేది. అక్కడ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు కొంచెం సాయం చేసొస్తా."

"బాధలు వినేటందుకు గంత దూరమెందుకు? మా ఇంట్ల వచ్చి కూసో."

నన్ను పంపింది మా సూపర్‌వైజర్ మేడమ్, విశాఖ వైపు మనిషి. నా ప్రతిభ చూసే ఎంపిక చేశారు. ఆవిడ పాస్‌పోర్టు గడువు కూడా సరిగ్గా అప్పుడే ముగిసింది.

నా పద్ధతి మీద మాత్రం ఆవిడకు గురి తక్కువ. మా ఆఫీసులో ఎవరొచ్చినా సోఫాలో కూర్చుని, "అంతా బాగానే ఉందండి" అంటారు. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ గురించి, క్యాంటీన్ సాంబారు గురించి మాట్లాడతారు. సమయం అయిపోయాక లేచి, తలుపు పిడి మీద చెయ్యేసి, "అన్నట్టు సార్, ఈ మధ్య నాకు బతకాలనే అనిపించట్లేదు" అంటారు. మన ఇళ్లలోనూ అంతే కదా. చుట్టాలు పూటంతా కూర్చుని కాఫీ రుచి గురించే మాట్లాడి, చెప్పులేసుకున్నాక గేటు దగ్గర నిలబడి పెళ్లి సంబంధాలు, ఆపరేషన్లు, అన్నదమ్ముల తగాదాలు బయటపెడతారు. అందుకని నేను పది నిమిషాలకే "సరే అయితే" అని లేవడం మొదలుపెట్టాను. మెట్ల దాకా వస్తానని వెంట నడిచేవాణ్ణి. ఐటీ కారిడార్‌లో మెట్లు ఎవరూ దిగరు కాబట్టి గోప్యతకు లోటు లేదు.

"ఏమండీ, మీరు సెషన్ గదిలో చేస్తారా, మెట్ల మీద చేస్తారా?" అని మేడమ్ అడిగారు.

"గదిలోనే మొదలుపెడతానండి."

"అక్కడ మాత్రం ఈ వేషాలు వేయకండి. మన పరువు ఉంటుంది."

కొండల మీద, తేయాకు తోటల మధ్య ఒక ఊళ్లో వర్క్‌షాపు జరిగింది. నేను పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. అందరూ తలలూపారు, కొందరు నిద్రలో. అయ్యాక ఒక నర్సు నా దగ్గరకొచ్చింది. వయసులో మా అమ్మకన్నా కాస్త చిన్న. తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడింది, నన్ను తంబీ అంది.

పక్కనే ఉన్న ఆస్పత్రిలో ఆమె తొలి కౌన్సెలర్. వార్డు డ్యూటీలు చేస్తూనే ఆ చదువు పూర్తి చేసింది. నెలలు గడిచినా ఆమె గదిలో ఎవరూ నోరు విప్పలేదు. ఈలోపు ఆస్పత్రికి పళ్ల డాక్టరు కుర్చీ ఒకటొచ్చి, పెట్టే చోటు లేక ప్లాస్టిక్ కవరుతోనే వరండాలో కూర్చుంది. గది దానికిచ్చేయాలా వద్దా తేల్చడానికి సూపరింటెండెంట్ మర్నాడు వస్తున్నాడు. గది పోతే ఆమె మళ్లీ వార్డుకే.

"వచ్చినవాళ్లు బాగానే ఉన్నామంటారు తంబీ. ఏం చేయను?"

మేడమ్ పరువు గుర్తొచ్చింది కానీ, ఆవిడ గచ్చిబౌలిలో ఉన్నారు. "కూర్చోబెట్టకండి సిస్టర్. పంపించేయండి."

"వచ్చేదే ఇద్దరు. వాళ్లని కూడా పంపించేయమంటావా?"

గేటు సంగతి వివరించాను. ఆమె నన్ను జ్వరం వచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది. అయినా ఆ సాయంత్రం బీపీ మాత్రల కోసం వచ్చిన ఒక తోట కూలీ, "బాగానే ఉన్నా" అనగానే, నర్సు గొడుగు తీసుకుని వానలో ఆమెతో గేటు దాకా నడిచింది. నేను వరండాలో కాచుకుని ఉంటే, చాలాసేపటికి తడిసి తిరిగొచ్చింది.

"ఏం చెప్పింది సిస్టర్?"

"అది నీకెందుకు తంబీ?"

శిష్యురాలు గురువును మించిపోయింది. నాకది పెద్దగా నచ్చలేదు.

మర్నాడు సూపరింటెండెంట్ వచ్చాడు. గది కొలతలు చూశాడు, కుర్చీ కొలతలు చూశాడు. అంతా సవ్యంగా ఉందని, వచ్చే వారం గది ఖాళీ చేయమని లేచాడు. ఆమె బతిమాలుతుందేమో అనుకున్నాను. "సరే సార్" అని గొడుగు తీసి ఆయన వెంట నడిచింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. జీపు దగ్గర ఆయన ఆగాడు. డ్రైవరు ఇంజిన్ స్టార్ట్ చేశాడు, ఆపాడు, మళ్లీ స్టార్ట్ చేశాడు, చివరికి దిగి బీడీ ముట్టించుకున్నాడు. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఒకసారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. వాన తుంపరలే అయ్యుంటాయి.

"గది గురించి ఏమన్నాడు?" అని ఆమె రాగానే అడిగాను.

"నేను అడగలేదు."

"ఇంతసేపూ మరేం మాట్లాడారు?"

ఆమె నా వైపు చూసిన చూపుకి నేనే తల దించుకున్నాను.

తిరుగు ప్రయాణం రోజు నన్ను బస్సు దాకా సాగనంపింది. గొడుగు ఉంది, వాన లేదు. "నాకే సమస్యా లేదు సిస్టర్" అన్నాను ముందుజాగ్రత్తగా. "నేనేం అడగలేదే" అంది. బస్సు మెట్టు మీద కాలు పెట్టాను. తర్వాత వచ్చిన బస్సుకి వెళ్లాను. మధ్యలో ఏం చెప్పానన్నది మీకెందుకు?

గది సంగతి తేలకుండానే హైదరాబాద్ చేరాను. మేడమ్ అడిగితే, "పుస్తకంలో ఉన్నట్టే చెప్పానండి" అన్నాను, అది నిజమే. పది రోజులకు, ఆఫీసు బస్సు గచ్చిబౌలి జంక్షన్‌లో ఇరుక్కున్నప్పుడు, ఆమె దగ్గరనుంచి మెసేజ్ వచ్చింది. ఒక వృత్తి ఒక దేశంలో వేళ్లూనుకున్న ఘడియ అది. గౌరవంగా నిలబడి తెరిచాను. బస్సులో సీటు దొరకలేదు, ముందు నుంచీ నిలబడే ఉన్నాను.

గది ఆమెకే ఉంచారట. నా ఊసెత్తలేదు కానీ పనివేళలు రాసింది: మధ్యాహ్నం ఒకటి నుంచి రెండు దాకా భోజనానికి మూసి ఉంటుంది.