రాయప్ప చెంబు

రేణిగుంట కతోలిక గుడిలో నలభై ఏళ్లుగా గంట కొట్టేది రాయప్పే. ఆదివారం పూజలో అందరూ తాము నమ్మేవన్నీ వరసగా పలికే విశ్వాస సంగ్రహం చెబుతుంటే, శ్రీసభ ఒక్కటే అన్న మాట దగ్గర ఆయన గొంతు గంటలాగే మోగేది. పెంతెకొస్తు పాస్టరు కొడుకుని కట్టుకున్న కూతురి మీద కోపమంతా ఆ మాటలోనే ఉండేది.

"మాదే అసలు సభ. తక్కినవన్నీ నిన్నా మొన్నా ఏసిన పందిళ్లప్పా" అనేవాడు.

ఈ ఏడు ఆ అల్లుడు ఎలీషా తానే వచ్చి కతోలిక శ్రీసభలో చేరతానన్నాడు. రాయప్పకు కాళ్లు నేలమీద నిలవలేదు. ఎవరూ అడక్కుండానే అల్లుడి జ్ఞానస్నానానికని ఇత్తడి చెంబు తోమి, నీళ్లు నింపి, గుడి వాకిట పొగమంచులో ఫాదర్ పక్కన నిలబడ్డాడు.

"ఇదివరకు బాప్తిస్మం తీసుకున్నావా?" అని ఫాదర్ అల్లుణ్ణి అడిగారు.

"స్వర్ణముఖి ఏట్లో మా నాయనే ముంచినాడు ఫాదర్. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ పేరున."

"అయితే అది చాలు. బాప్తిస్మమన్నా జ్ఞానస్నానమన్నా ఒకటే, అది ఒక్కసారే. ఆ నీళ్లు వద్దు రాయప్పా."

రాయప్ప చెంబులోకి చూశాడు. చెంబెడు నీళ్లలో ఒక ఏరు మెల్లగా కదులుతోంది. నడుంలోతులో ఒక తండ్రి తన కొడుకు తల తుడుస్తున్నాడు.

జ్ఞానస్నానం ఒక్కటే అన్న మాట కూడా విశ్వాస సంగ్రహంలో ఉంది, శ్రీసభ ఒక్కటే అన్న మాట వెనకాలే. అక్కడికి వచ్చేసరికి గొంతు అలిసిపోయి, నలభై ఏళ్లుగా ఆయన దాన్ని గొణిగి వదిలేశాడు.