సంకల్పంలో చదివించిన పేరు

సిడ్నీలో రౌస్ హిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఉదయలక్ష్మి ఆంటీని ఎరగనివాళ్ళు లేరు. ఆవిడ ఎరగనివాళ్ళు అసలే లేరు. కొత్తగా దిగినవాళ్ళు ఆవిడ ఇంట్లో ఒక్క పూట కాఫీ తాగితే చాలు, ఇంటిపేరు, గోత్రం, జన్మనక్షత్రం, పిల్లల స్కూలు, ఆయనగారి ఆఫీసు, అత్తగారి మోకాళ్ళ నొప్పులు, సమస్తం ఆవిడ బుర్రలోకి వెళ్ళిపోయేవి. అందులోకి వెళ్ళినవి మళ్ళీ చెరిగేవి కావు. ఒక చోట రాసిపెట్టుకునే అలవాటు ఆవిడకు లేదు, ఆ అవసరమూ పడలేదు.

ఊళ్ళో కబుర్లన్నీ మోసే మనిషి అనుకుంటారేమో, అలా అనుకుంటే కళ్ళు పోతాయి. కాకినాడలో తోడికోడళ్ళ మధ్య సందడిగా కాపురం చేసిన ఇల్లాలు, భర్త ద్వారకానాథ్ ఉద్యోగం కోసం సిడ్నీ వచ్చి, మొదటి ఏడాదంతా గోడలు చూస్తూ గడిపింది. కూతురు గీతిక కడుపులో ఉండగా వేవిళ్ళతో మంచం దిగలేకపోతే, ఏం తినబుద్ధవుతోందమ్మా అని అడిగిన నాథుడు లేడు. తర్వాత చైల్డ్‌కేర్‌లో ఉద్యోగం చేసింది, ఇల్లు కొనుక్కున్నారు, కూతురు పెద్దదై ఉద్యోగంలో చేరింది. ఆ మొదటి ఏడాది మాత్రం ఆవిడ గుండెలోంచి కదల్లేదు. తన కంటపడ్డ ఏ ఆడపిల్లా అలా ఒంటరిగా కుమిలిపోకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

ఎవరికి ఎన్నో నెలో, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో గుర్తుపెట్టుకోవడం ఆవిడ లెక్కలో ప్రేమ. దాన్ని పదిమందికీ చాటడం ఇంకా పెద్ద ప్రేమ. అందుకే వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఆవిడ గొంతే వినిపించేది. ఫలానా అమ్మాయికి ఈ రోజు ముప్పై నిండాయి, ఫలానా బ్యాంకులో ప్రమోషన్ వచ్చింది, ఫలానా వీధిలో ఇల్లు తీసుకున్నారు, అందరూ దీవించండి అని. జనం దీవించేవారు. ఇందులో తప్పేముందని ఎవరూ అడగలేదు, అడగాలని తట్టనూ లేదు.

అలాంటి ఆవిడ చేతికి వైశాలి చిక్కింది. నవరాత్రుల్లో పేరంటానికి ఎవరో వెంటబెట్టుకొచ్చారు. వెస్ట్‌మీడ్‌లో ల్యాబులో ఉద్యోగం, స్టేషనుకు దగ్గర్లో చిన్న అద్దె ఫ్లాటు. తాంబూలం అందుకుంటూ ఆ పిల్ల మాటిమాటికీ గుమ్మం వైపు తిరుగుతుంటే ఉదయలక్ష్మి చూసింది. చూశాక ఊరుకునే మనిషి కాదు గదా. మర్నాడే పెరుగన్నం, గోంగూర పచ్చడి పట్టుకుని వెళ్ళింది. అలా నాలుగుసార్లు వెళ్ళాక ఆ పిల్ల నోరు విప్పింది.

భర్త పేరు శ్రీకర్, మెల్‌బోర్న్‌లో ఉంటాడు. ఆమె ఈమెయిలు, బ్యాంకు, అన్నిటి పాస్‌వర్డులూ అతని దగ్గరే ఉండేవి. ఆమె ఫోనులో ఆమె ఎక్కడుందో తనకు చూపించే యాప్ పెట్టాడు. పాలకని వెళ్ళి కాస్త ఆలస్యమైతే, ఏ వీధిలో ఎంతసేపు నిలబడ్డావో చెప్పనా అని నవ్వేవాడట. ఆ నవ్వు తర్వాత చెయ్యి లేచేది. చివరికి ఒకరోజు ఆ ఫోను ఆ ఇంట్లోనే వదిలేసి, కట్టుబట్టలతో రైలెక్కింది. అతను ఆమె దరిదాపులకు రాకూడదని కోర్టు ఆర్డరు వేసింది. ఆర్డరు కాగితం కంటే ఆమెను కాపాడుతున్నది వేరే ఉంది. ఆమె ఏ ఊళ్ళో ఉందో అతనికి తెలియదు.

"ఆంటీ, నా ఫోటో ఎక్కడా పెట్టొద్దు. అడ్రస్ ఎవరికీ ఇవ్వొద్దు. నేను సిడ్నీలో ఉన్నాననే వాళ్ళకి తెలీదు, అంతే నాకున్న సేఫ్టీ" అంది వైశాలి.

నా కంఠంలో ప్రాణం ఉండగా చెప్పను తల్లీ అని మాటిచ్చింది ఉదయలక్ష్మి. ఇచ్చిన మాట నిలబెట్టుకుంది కూడా. గ్రూపులో పెట్టే ప్రతి ఫోటోనూ కళ్ళద్దాలు సవరించుకుని మరీ చూసి, ఆ పిల్ల భుజం ముక్క కనిపించినా తీసేసేది. పుట్టినరోజు వస్తే గ్రూపులో ఒక్క ముక్క వెయ్యకుండా, ఇంటికి పిలిచి పాయసం పెట్టింది. చెప్పకుండా ఉండటం ఆవిడకు ఎంత కష్టమో ద్వారకానాథ్‌ని అడగాలి. మా ఆవిడ నోరు కట్టేసుకోవడం పెళ్ళయ్యాక ఇదే మొదలని ఆయన ఆటపట్టించేవాడు.

శ్రావణ శుక్రవారాల్లో కమ్యూనిటీ హాలు తీసుకుని ఆడవాళ్ళంతా కుంకుమ పూజ చేసుకుంటారు. ఇండియాలో ఉన్న అమ్మలూ అత్తలూ చూసుకుంటారని దాన్ని ఫేస్‌బుక్‌లో లైవ్ ఇస్తారు. ఆ పేజీలో ఉదయలక్ష్మి ఫోను నంబరే ఉంటుంది, పూజకు రాదలచినవాళ్ళు అడగడానికి. ఆ శుక్రవారం వైశాలికి డ్యూటీ, రాలేదు. పురోహితుడు సంకల్పం మొదలుపెట్టి, ఆస్ట్రేలియా ఖండం చెప్పి, సిడ్నీ మహానగరం చెప్పి, గోత్రనామాలు చెప్పండమ్మా అని మైకు అందించాడు. వచ్చినవాళ్ళు చెప్పుకున్నారు. రానివాళ్ళ తరఫున ఉదయలక్ష్మి చెప్పింది. ఎప్పుడూ చెప్పేదే, గుక్క తిప్పుకోకుండా చెప్పేది. ఆ రోజు పూర్వాభాద్ర, వైశాలి జన్మనక్షత్రం. పాపం, ఒంటరి పిల్ల, అమ్మవారి చల్లని చూపు పడనీ అనుకుంది.

"మౌద్గల్య గోత్రం, పూర్వాభాద్ర నక్షత్రం, వైశాలి" అంది మైకులో.

మౌద్గల్యం అత్తవారి గోత్రం. విడాకులు ఇంకా కాలేదు, పెళ్ళయిన పిల్లకు అదే చెప్పాలి కాబట్టి అదే చెప్పింది. ఫోటోలో భుజం ముక్కను కూడా తీసేసిన ఆ మనిషికి, దేవుడికి చెప్పుకునేది కూడా దాచవలసిన సంగతేనని తోచలేదు. ఎలా తోస్తుంది? ఆ పేరు చెప్పింది అమ్మవారికి. విన్నది ఫేస్‌బుక్.

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు పెద్దలు. తెనాలిలో ఒక ముసలావిడ, మనవరాలు సిడ్నీలో ఉంది కాబట్టి ప్రతి శుక్రవారం ఆ పూజ చూస్తుంది. ఆవిడ పక్కింట్లోనే శ్రీకర్ తల్లి కళావతి ఉంటుంది. మీ గోత్రంతో మీ కోడలి పేరు విన్నానే, అక్కడికి మారారా పిల్లలు అని ముసలావిడ మామూలుగానే అడిగింది. కళావతి ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఔనౌనండీ అని, ఆ వీడియో ఏదో చూపించమంది.

కొన్నాళ్ళకు ఉదయలక్ష్మికి ఫోను వచ్చింది. అవతల మనిషి వైశాలికి పెద్దమ్మనని చెప్పుకుని ఏడ్చింది. తన చెల్లెలితో, అంటే వైశాలి తల్లితో, తనకు ఏళ్ళ తరబడి మాటల్లేవనీ, తాను ఫోను చేసినట్టు తెలిస్తే పిల్లకు చీవాట్లు పడతాయనీ, కాబట్టి వైశాలికి కూడా చెప్పొద్దనీ వేడుకుంది. అడ్రసు అడిగి ఉంటే ఉదయలక్ష్మి అక్కడే పట్టేసేది. ఆ మహాతల్లి అడ్రసు అడగలేదు.

"అడ్రసు చెప్పకండి వదినగారూ, పిల్ల చెప్పొద్దని చెప్పి ఉంటుంది. వేళకి తింటోందా లేదా, అంతే చెప్పండి. నా ప్రాణం నిమ్మళిస్తుంది" అంది.

ఆ మాటకు ఉదయలక్ష్మి కరిగిపోయింది. తింటోందండీ, నేను చూసుకుంటున్నానుగా అంది. తర్వాత రెండు మూడుసార్లు ఆ ఫోను వచ్చింది. ప్రతిసారీ ఏవో చిన్న చిన్న కబుర్లు. ల్యాబులో పని బాగానే ఉంది. రాత్రి డ్యూటీలు మాన్పించారు. శనివారం పొద్దున్నే వెస్ట్‌మీడ్ స్టేషను దగ్గరి మన ఇండియన్ షాపుకి ములక్కాడలు వస్తాయి, అవంటే పిల్లకి ప్రాణం, తాజావి అయిపోతాయని తెరవగానే వెళ్ళి నిలబడుతుంది. ఇందులో అడ్రసు ఎక్కడుంది? ఏమీ లేదు. ఉదయలక్ష్మి ఫోను పెట్టేసిన ప్రతిసారీ, ఒక కన్నతల్లి లాంటి మనిషికి కాస్త ఊరట ఇచ్చానని తృప్తిపడేది.

శనివారం పొద్దున్న వైశాలి సంచితో షాపులోంచి బయటికి వచ్చేసరికి శ్రీకర్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. అరవలేదు, చెయ్యి పట్టుకోలేదు. ఇంట్లో మాట్లాడినట్టే మెల్లగా మాట్లాడాడు.

"పూజ బాగా జరిగిందటగా నీ పేరు మీద. పద, ఇంటికెళ్దాం."

సంచి అక్కడే పడేసి వైశాలి పక్కనున్న మందుల షాపులోకి పరిగెత్తింది. లోపలి వాళ్ళు తలుపు వేసి పోలీసులను పిలిచారు. ఆర్డరు మీరినందుకు అతన్ని తీసుకెళ్ళారు, బెయిలు మీద వదిలారు కూడా. ఈసారి అతనికి ఊరు తెలుసు, స్టేషను తెలుసు, ఉద్యోగం తెలుసు.

ఉదయలక్ష్మి పోలీస్ స్టేషనుకు వెళ్ళేసరికి వైశాలి గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదని ఉదయలక్ష్మికి తర్వాత ఎన్నోసార్లు అనిపించింది.

"అడ్రస్ నేను చెప్పలేదమ్మా, అమ్మవారి మీద ఒట్టు" అంది.

"అడ్రస్ గురించి అడగట్లేదు ఆంటీ. ఏం చెప్పారు?"

చెప్పింది. పూజ సంగతి, పెద్దమ్మ సంగతి, ల్యాబు, ములక్కాడలు, ఒక్కటీ దాచకుండా. చెబుతున్నకొద్దీ ఆవిడ గొంతు ఆవిడకే వినపడనంతగా తగ్గిపోయింది. వైశాలి ఇటు తిరిగి, మా అమ్మకి అక్కలెవరూ లేరు ఆంటీ, అంది.

ఉదయలక్ష్మి ఇంటికి వచ్చి రెండు చేతులతో నెత్తి పట్టుకుని కూర్చుంది. నేను చుక్కలు పెట్టాను, వాడు ముగ్గు వేసుకున్నాడు అని కూతురితో చెప్పి భోరుమంది. గీతిక ఇక్కడే పుట్టింది, తెలుగు అర్థమవుతుంది గానీ బదులు ఇంగ్లీషులోనే వస్తుంది. ఓదార్చడానికని తల్లి పక్కన కూర్చుంది, కానీ ఓదార్పు మాటలు రాలేదు.

"అమ్మా, యూ లవ్ దెమ్, ఐ నో. బట్ ఇట్ వాజ్ నెవర్ యువర్స్ టు గివ్" అంది.

ఆ మాట ఉదయలక్ష్మికి కత్తిలా దిగింది. అన్నేళ్ళుగా అందరి సంగతులూ తన సొత్తులా పంచిపెట్టింది. అవి తనకు దాచమని ఇచ్చినవి, పంచమని కాదు. ఆ సాయంత్రం తల్లీకూతుళ్ళు కూర్చుని ఆ పేజీలో పాత పూజలన్నీ ఒక్కొక్కటే తెరిచారు. ఎందరి గోత్రాలు, ఎందరు పసిపిల్లల పేర్లు, నక్షత్రాలు, పుట్టినరోజులు, తల్లుల పుట్టింటి పేర్లు, ఎవరు ఏ ఊరు వెళ్తున్నారో, ఎవరి ఇంటికి తాళం వేసి ఉందో. బ్యాంకు మనిషిని గుర్తుపట్టేది పుట్టిన తేదీ, తల్లి పుట్టింటి పేరు అడిగే, అవి రెండూ నువ్వే లోకానికి చెప్పేశావని గీతిక తన ఇంగ్లీషులో చెబుతుంటే, ఉదయలక్ష్మి ఒక్కొక్క వీడియో తీసేయిస్తూ పోయింది. తీసేసినంత మాత్రాన ఎవరో ఈపాటికే దాచుకున్నవి పోవు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అవి. అయినా పట్టుకుంది.

గ్రూపులో కొందరు సణిగారు. మా అమ్మ ఆ పూజ కోసం వారమంతా ఎదురుచూస్తుంది, ఒకళ్ళ ఇంటి గొడవకి అందరినీ శిక్షిస్తారా అని ఒకావిడ మొహం మీదే అడిగింది. ఉదయలక్ష్మి తరువాతి శుక్రవారం హాల్లో కెమెరా పెట్టనివ్వలేదు. పురోహితుడు గోత్రనామాలు అడిగితే, ఎవరివి వాళ్ళు మనసులో చెప్పుకుంటారు స్వామీ, అమ్మవారికి వినపడుతుంది అంది.

వైశాలి ఉద్యోగం మానేసింది. ఇలాంటి ఆడవాళ్ళకు సాయం చేసే సంస్థ వాళ్ళు వేరే చోట ఇల్లు, పని చూశారు. వెళ్ళేముందు ఆమె రౌస్ హిల్ వచ్చింది. ఉదయలక్ష్మి గుమ్మం దగ్గరే ఆమె చేతులు పట్టుకుని, కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను తల్లీ అంది. వైశాలి తల అడ్డంగా ఊపింది. ఆ పిల్లకు ఈ దేశంలో అమ్మ అని పిలవదగ్గ మనిషి ఈవిడొక్కతే, ఇంత జరిగాక కూడా ఈవిడే. ఒంటరితనం మనిషిని ఎంతకి దింపుతుందో చూడండి, తనను పట్టిచ్చిన నోటినే ఆ పిల్ల మళ్ళీ నమ్మబోయింది.

"ఆంటీ, మీకొక్కళ్ళకే చెప్తాను. నేను వెళ్ళేది..."

ఉదయలక్ష్మి చటుక్కున తన అరచేత్తో ఆ పిల్ల నోరు మూసింది.

"చెప్పకు. నాకు తెలిస్తే ఏడ్చేవాళ్ళని చూసి మళ్ళీ కరుగుతాను, నా సంగతి నాకు తెలుసు. ఊరు వద్దు, నంబరు వద్దు, పండగకి ఫోను కూడా చెయ్యొద్దు. వెళ్ళు తల్లీ."

వైశాలి ఆవిడను వాటేసుకుని ఏడ్చింది. తర్వాత కారెక్కింది. ఏ వైపు తిరిగిందో చూడకూడదని ఉదయలక్ష్మి లోపలికి వచ్చి తలుపు వేసుకుంది.

దీపావళి వెళ్ళాక కళావతి మళ్ళీ ఫోను చేసింది. ఈసారి పెద్దమ్మ వేషం లేదు. నా కొడుకు తిండి మానేశాడు, వాడి బతుకు బుగ్గయిపోయింది, మీరూ ఆడపిల్లని కన్నతల్లే గదా, ఒక్క మాట చెప్పండి అని ఏడ్చింది. ఆ ఏడుపు మాత్రం నాటకం కాదు, ఉదయలక్ష్మికి తెలుస్తూనే ఉంది.

"నాకు తెలీదండి" అంది.

"మీకు తెలీకుండా ఉంటుందా? ఆ ఊళ్ళో చీమ చిటుక్కుమన్నా మీకు తెలుస్తుందట."

"ఆ పిల్ల ఎక్కడుందో తెలీదు. బతికుందో లేదో కూడా తెలీదు."

ఫోను పెట్టేసి ఉదయలక్ష్మి వంటింట్లో కింద కూలబడింది. ద్వారకానాథ్ గాభరాగా వచ్చి, ఏమైంది, అబద్ధం చెప్పాల్సి వచ్చిందనా ఈ ఏడుపు అని అడిగాడు. కాదండీ, నేను చెప్పింది నిజం అంది ఆవిడ.