ఒకే ఇంట్లో ఇద్దరు నోమికోస్‌లు

తెమెలీనా రెండో పెళ్లి ఒక ఆదివారం సాయంత్రం, వయొలిన్ మోగకుండా జరిగిపోయింది. మొగుడు పోయినదీ పెళ్లాం పోయినవాడూ కలిసి పెళ్లికిరీటాలు పెట్టుకుంటే మా కలిమ్నోస్ దీవిలో వాయిద్యాలు పెట్టరు. చర్చిలో చేరిన జనంలో సగం పిల్లలే. ఆమె పిల్లలు ఐదుగురు కుడిపక్క గోడకి, పెళ్లికొడుకు కెప్టెన్ పోతితోస్ పిల్లలు ఏడుగురు ఎడమపక్క గోడకి అతుక్కుని, బేరం కుదరక సంతలో ఎదురెదురుగా కట్టేసిన రెండు మేకల మందల్లా ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ నిలబడ్డారు. పాద్రిగారు "వీరి సంతానం వర్ధిల్లుగాక" అని చదువుతుంటే వెనకనుంచి ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకంటే ఆ పక్కనే అనెజో ముసలమ్మ నల్లముసుగు వేసుకుని నిలబడి ఉంది. తెమెలీనా మొదటి మొగుడు సకెల్లారిస్‌ని కన్నతల్లి ఆమె.

సకెల్లారిస్ సముద్రం అడుగున స్పాంజీలు కోసేవాడు. అతను చచ్చిపోయింది ఆఫ్రికా తీరంలో, ఈ పోతితోస్ పడవ మీదే.

పడవ మీది మర గొట్టంలోంచి గాలి పంపుతుంటే, రాగిటోపీ, రబ్బరు దుస్తులూ తొడుక్కుని దిగాడట. పైకి లాగి టోపీ విప్పితే బాగానే మాట్లాడాడట. మంచినీళ్లు అడిగాడట. సాయంత్రానికి పోయాడు. మావాళ్లు దీన్ని మరదెబ్బ అంటారు. లోతునుంచి పైకొచ్చిన వాళ్లలో కొందరికి కాళ్లు పడిపోతాయి, కొందరికి ప్రాణమే పోతుంది. శవాన్ని అక్కడే ఇసకలో పాతిపెట్టి, బట్టలు మూటగట్టి తెచ్చి తెమెలీనా గుమ్మంలో పెట్టింది పోతితోసే. ఆ తర్వాత రెండేళ్లకి అతని పెళ్లాం ఏడో కాన్పులో పోయింది. మరుసటి ఏడు అతను తెమెలీనాకి కబురంపాడు.

ఎందుకు ఒప్పుకున్నావని అడిగినవాళ్లకి ఆమె ఎప్పుడూ ఒకటే మాట చెప్పేది. "ఐదుగురికీ కంచాల్లో ఏం పెట్టమంటారు, నా నల్లముసుగు కోసి పెట్టమంటారా?"

చర్చి మెట్ల మీద అనెజో ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒసే తెమెలీనా, ఆ రోజు నా కొడుకుని ఎన్నిసార్లు దింపాడో అడిగావుటే నీ కొత్త మొగుణ్ణి?"

"అత్తా, ఇవాళ పెళ్లి."

"అందుకే అడగమంటున్నా. రేపట్నించి అడగలేవు."

ముసలమ్మ అన్నంతా అయింది. ఒకే కప్పు కిందికి చేరాక ఆ ప్రశ్న తెమెలీనా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

రేవు పైన కొండ అంచున ఉన్న కెప్టెన్ ఇల్లు పెద్దదే, కానీ పద్నాలుగు మందికి సరిపడే ఇల్లు కాదు. కెప్టెన్ పెద్దకూతురు సెవాస్తీ వంటింటి తాళంచెవి మెడలో వేసుకుని తిరిగేది. తన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ తను వేరే కుండలో వండేది. తెమెలీనా తన ఐదుగురికీ వేరే కుండ పెట్టుకుంది. కెప్టెన్ మాత్రం ఎవరి కుండ వద్దంటే ఏం ముంచుకొస్తుందోనని రెండు కుండల్లోనూ తినేవాడు. ఆరు నెలలు తిరిగేసరికి చొక్కా గుండీలు పట్టడం మానేశాయి. పిల్లలు పడకగది మధ్యలో సుద్దతో గీత గీశారు. గీత దాటిన చెప్పు బావిలోకి పోయేది. పొద్దున్నే పోతితోస్ చేదతో నీళ్లకి బదులు చెప్పులు తోడేవాడు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పేరుది. తెమెలీనా పెద్దకొడుకు పేరు నోమికోస్. కెప్టెన్ పెద్దకొడుకు పేరూ నోమికోసే. మా దీవిలో తాత పేరు మనవడికి పెట్టాలి, తాతల పేర్లా గుప్పెడు. తిండికి పిలిస్తే ఇద్దరూ వచ్చేవారు. కట్టెలు కొట్టమని పిలిస్తే "నన్ను కాదు, వాణ్ణి" అంటూ ఇద్దరూ మాయమయ్యేవారు. చివరికి ఆమె కొడుకు పొట్టివాడు, ఆయన కొడుకు పొడుగువాడు అయ్యారు. ఒకసారి పొట్టివాడి పుచ్చుపన్ను పీకడానికి మంగలి ఇంటికొచ్చాడు. పొట్టివాడు భయపడి అటకెక్కాడు. "నోమికోస్ ఎవర్రా?" అని మంగలి కేకేస్తే, అప్పుడే నిద్రలేచిన పొడుగువాడు "నేనే" అంటూ ఆవలించాడు. ఆ ఆవలింత పూర్తయ్యేలోపు పన్ను ఊడి చేతికొచ్చింది.

"మీవాడి నొప్పికి మావాడి పన్ను పోయింది" అంది సెవాస్తీ.

తెమెలీనాకి నవ్వాగలేదు. పొట్టివాడు అటక మీదనుంచే పడీపడీ నవ్వాడు. దవడ పట్టుకుని పొడుగువాడు కూడా నవ్వాడు. ఆ రోజునుంచి వాళ్లిద్దరూ ఒకే దుప్పటి కప్పుకునేంత స్నేహితులయ్యారు. మనవల్ని చూడ్డానికొచ్చిన అనెజో మాత్రం ముఖం చిట్లించింది.

"నవ్వండి, నవ్వండి. ఒకే గడపలో ఒకే పేరు రెండుండకూడదు. చావు వచ్చి గుమ్మంలో పిలిస్తే ఎవరు పలుకుతారు?"

ఆ మాటతో తెమెలీనా నవ్వు మొహం మీదే గడ్డకట్టింది.

ఈస్టర్ దగ్గరపడేకొద్దీ ఇంట్లో గాలి మారింది. పండగ కాగానే ఆఫ్రికా తీరానికి బయల్దేరే పడవలకి రేవులో తారు పూస్తున్నారు. గాలి పంపే మరల చక్రాలకి నూనె పెడుతున్నారు. ఈ ఏడు మేమూ వస్తామని నోమికోస్‌లిద్దరూ పట్టుబట్టారు. కెప్టెన్ కాదనలేదు. పండగనాడు పొట్టలో బియ్యం కూరి కుండలో పెట్టి కాల్చిన గొర్రెపిల్లని పన్నెండుమంది పిల్లలూ ఎముకలతో సహా కొట్లాడి తిన్నారు. తెమెలీనాకి ముద్ద దిగలేదు.

మర్నాడు పెరట్లో పోతితోస్ తాళ్లు చూసుకుంటుంటే ఆమె వెళ్లి ఎదురుగా కూచుంది.

"సకెల్లారిస్‌ని ఆ రోజు ఎన్నిసార్లు దింపావు?"

అతని చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు.

"మూడు."

"మూడోసారి దిగనన్నాడా?"

"అలిసిపోయానన్నాడు."

"నువ్వేమన్నావు?"

"అడుగున సరుకు బాగుంది. ఇంకొక్కసారి అన్నాను."

కోళ్లు వాళ్ల కాళ్ల మధ్య తిరుగుతున్నాయి. ఆమె ఒకదాన్ని కాలితో పక్కకి తోసింది.

"ఇది పెళ్లికి ముందు చెప్పాల్సిన మాట కాదుటయ్యా?"

"నువ్వు అడగలేదు. నువ్వు అడక్కూడదని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను."

తెమెలీనా ఏడవలేదు, అరవలేదు. "నా కొడుకు నీళ్లలో దిగడు" అంది. "మర చక్రం తిప్పనీ, వంట చెయ్యనీ, గిన్నెలు తోమనీ. దిగడు. ఒట్టు పెట్టు."

"సెయింట్ నికొలాస్ మీద ఒట్టు. నీ కొడుకు దిగడు."

వెనక కిటికీ చప్పుడైంది. సెవాస్తీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది.

"మరి మా తమ్ముడి కోసం ఎవరూ ఒట్టు పెట్టించుకోలేదేం?" అంది.

అంతవరకూ ఆ విషయం తెమెలీనాకి గాని, పోతితోస్‌కి గాని తట్టనే లేదు.

పడవలు వెళ్లిపోయాయి. గంటలు మోగాయి, ఆడవాళ్లు గట్టు మీద నిలబడి తెరచాపలు కనుమరుగయ్యేదాకా చూశారు. ఆ వేసవి తెమెలీనాకి ఒక్క రోజూ గాలి ఆడినట్టు లేదు. ఇంట్లో కొట్లాటలు తగ్గాయి. సుద్దగీత కాళ్ల కింద చెరిగిపోతే మళ్లీ ఎవరూ గీయలేదు. ఎండకి ఓపిక లేక సెవాస్తీ కూడా తెమెలీనా కుండలోనే చిక్కుడు గింజలు పోసేసింది. ఇల్లు ఇలా నెమ్మదించడం తెమెలీనాకి నచ్చలేదు. గాలివాన ముందు చెట్లు ఇలాగే ఊరుకుంటాయి.

ఆగస్టు చివర్లో, గాలిగొట్టం పాడైతే కొత్తది కొనడానికి ఒక పడవ తిరిగొచ్చింది. తెమెలీనా, సెవాస్తీ కలిసే గట్టు మీదికి పరిగెత్తారు. పడవలోంచి దిగిన నావికుడు వాళ్లని చూసి టోపీ తీశాడు.

"కెప్టెన్ పోతితోస్ ఇంటి నోమికోస్‌కి మరదెబ్బ తగిలిందమ్మా."

"ఏ నోమికోస్?" ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

"ఏ నోమికోసేమిటి? నోమికోసే."

"ఇద్దరున్నారయ్యా! పొట్టివాడా, పొడుగువాడా?"

అతను తెల్లబోయాడు. "నేను కళ్లారా చూళ్లేదమ్మా. దారిలో ఇంకో పడవవాళ్లు కేకేసి చెప్పారు. నోమికోస్ అన్నారు, అంతే."

"బతికున్నాడా?"

"అప్పటికున్నాడు."

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఒట్టు పెట్టాడు కాబట్టి నావాడు కాదు, అనుకుంది తెమెలీనా. రెండడుగులు వేశాక, ఒకసారి 'ఇంకొక్కసారి' అన్న నోరు మళ్లీ అనదని ఏముంది, అనుకుంది. మనసు అలా పడవలా అటూ ఇటూ ఊగింది. సాయంత్రం నావికుల్ని కాచే సెయింట్ నికొలాస్ చర్చికి వెళ్లి కొవ్వొత్తి వెలిగించి, "తండ్రీ, నావాడు కాకుండా చూడు" అని మొక్కుకుంది. తలెత్తి చూస్తే అవతలి పక్క సెవాస్తీ మోకాళ్ల మీద ఉంది. ఆమె పెదాలు కూడా కదులుతున్నాయి. ఇద్దరి చూపులూ కలిశాయి. తను ఇప్పుడు అడిగిందేమిటో తెమెలీనాకి అప్పుడు అర్థమైంది. ఉన్నది ఇద్దరే. నావాడు కాకూడదంటే ఆ పిల్ల తమ్ముడే కావాలి. అయినా ఆ మొక్కు వెనక్కి తీసుకోలేకపోయింది. మర్నాడూ అదే మొక్కుకుంది, ఆ మర్నాడూ అదే.

ఇల్లు మళ్లీ రెండైంది. కుండలు వేరయ్యాయి. సెవాస్తీ ఎదురొస్తే తెమెలీనా పక్కకి తప్పుకునేది. కెప్టెన్ ఐదేళ్ల కూతురు కలియోపి ఒకరోజు వచ్చి తెమెలీనా పావడా అంచు పట్టుకుంది.

"మన నోమికోస్ చచ్చిపోతాడా?"

"మన అంటే ఎవరే?"

పిల్ల కాసేపు ఆలోచించి, "నాకు తెలీదు" అని ఏడుపు మొదలెట్టింది.

అక్టోబరులో పడవలన్నీ వచ్చాయి. గట్టు మీద ఇసకేస్తే రాలనంత జనం. పోతితోస్ పడవ దగ్గరికొచ్చేసరికి తెమెలీనా కళ్లు చిట్లించి చూసింది. ముందు భాగంలో పొట్టివాడు రెండు కాళ్ల మీద నిలబడి ఉన్నాడు. ఆమె గొంతులోంచి నవ్వో ఏడుపో తెలియని ఒక కేక వచ్చింది. ఆ కేక నోట్లో ఉండగానే, వాడి వీపు మీద ఇంకొకడు ఉన్నాడని కనిపించింది. మెడ చుట్టూ రెండు చేతులు, నడుముకి అటూ ఇటూ రెండు పొడుగాటి కాళ్లు, తడిగుడ్డల్లా వేలాడుతూ. తెమెలీనా పక్కకి తిరిగింది. సెవాస్తీ తమ్ముణ్ణి చూడ్డం లేదు. తననే చూస్తోంది. ఆ కేకని ఆ పిల్ల మొదట్నించీ విన్నది.

ఏం జరిగిందో పోతితోస్ రెండు ముక్కల్లో చెప్పాడు. స్పాంజీ కోసేవాడొకడు జ్వరంతో పడ్డాడు. సరుకున్న చోటు. దిగడానికి మిగిలింది కుర్రాళ్లిద్దరే, అందులో ఒకడి మీద ఒట్టుంది. ఒకసారి దిగి వచ్చిన పొడుగువాడు మళ్లీ దిగుతానన్నాడు.

"ఈసారి 'ఇంకొక్కసారి' అన్నది నేను కాదు. వాడే అన్నాడు. నేను ఆపలేదు" అన్నాడు పోతితోస్. ఆ మాట చెప్పి పెరట్లోకి పోయాడు. చీకటిపడ్డా లోపలికి రాలేదు.

తెమెలీనా పొడుగువాణ్ణి తన మంచం మీదే పడుకోబెట్టింది. రోజూ నీళ్లు కాచి, ఆలివ్ నూనె మర్దన చేసి, చచ్చుబడిన ఆ కాళ్లని పసిపిల్లవాడికి చేసినట్టు వంచి చాపేది. వాడు చిరాకుపడి తిట్టేవాడు. "చాల్లే, నేనేమన్నా ఊరగాయనా ఇంత నూనె పోస్తావు?" అనేవాడు. ఆమె తిట్లన్నీ పడేది. పొట్టివాడు వాడి పక్కన నేల మీద పడుకునేవాడు.

చలికాలం మధ్యలో ఒకరోజు దుప్పట్లు ఉతికి పిండుతుంటే, సెవాస్తీ వచ్చి రెండో కొస పట్టుకుంది.

"నువ్వేం మొక్కుకున్నావో నాకు తెలుసు, పిన్నీ."

ఆ పిల్ల పిన్నీ అని పిలవడం అదే మొదలు.

"నీకు తెలుసని నాకూ తెలుసు."

"నేనూ అదే మొక్కుకున్నాను. నీవాడు పోవాలని. దెబ్బ తగలాలని కూడా కాదు, పోవాలని." సెవాస్తీ దుప్పటి మెలితిప్పింది. నీళ్లు కారుతున్నాయి. "దేవుడు నా మాట వినలేదు. నీ మాట విన్నాడు."

"గట్టిగా తిప్పవే, ఇంకా తడుంది" అంది తెమెలీనా. ఇద్దరూ ఆ దుప్పటిలో చుక్క నీరు మిగలకుండా పిండారు.

పొడుగువాడు రెండేళ్లకి కర్ర పట్టుకుని లేచాడు. స్పాంజీల గిడ్డంగిలో కూచుని కత్తెరతో వాటి అంచులు దిద్దే పనిలో కుదిరాడు. వాడి నోటికి రేవంతా భయపడేది. పొట్టివాడు నీళ్లలో ఎప్పుడూ దిగలేదు. వాడి మీద ఒట్టుందని అందరికీ తెలుసు, అందుకు వాణ్ణి గౌరవించినవాళ్లు తక్కువ. పోతితోస్ ఇంకో ఏడు వెళ్లొచ్చి పడవ అమ్మేశాడు. కాఫీకొట్లో సముద్రానికి వీపు పెట్టి కూచునేవాడు. తెమెలీనా అతనికి చివరిదాకా వండిపెట్టింది. అతన్ని క్షమించిందా లేదా అని ఎవరూ అడగలేదు. అనెజో కూడా అడగకుండానే పోయింది.

ఇప్పుడు తెమెలీనా ముసలిదైపోయింది. ఈ వసంతంలో పొడుగువాడి పెద్దకొడుకు రేవులో పడవలకి రంగు వేస్తున్నాడు. రంగు వెయ్యడం వరకే, సముద్రం మీదికి పోనంటున్నాడు. మధ్యాహ్నం ఆమె నానబెట్టిన బార్లీ రొట్టె, ఆలివ్ కాయలూ మూటగట్టుకుని కొండ దిగి వెళుతుంది. వాడు తిన్నంతసేపూ పక్కనే కూచుంటుంది. తినేసి వాడు మళ్లీ రంగు వెయ్యడానికి పడవ ఎక్కి అక్కణ్ణించి ఏదన్నా అంటే, "దిగరా, దిగి మాట్లాడు" అంటుంది.