138వ రోజు వేసిన సూది

2023, సూరత్, లింబాయత్. ఆదివారం మధ్యాహ్నం ఆ రేకుల గదిలో ఉన్నవి: నిండు చూలుతో ఒక గొర్రె, మడత మంచం, బియ్యం సంచి, వాడిన సిరంజి, బర్రెల కొట్టం, అంటే తబేలా నుంచి తెచ్చిన మందు సీసా. ఉన్నవాళ్లు: పవర్‌లూమ్ కార్మికుడు నర్సయ్య, పశువైద్యుడిగా రెండో ఏడాదిలో ఉన్న నేను.

సీసాలోది ఆక్సిటోసిన్, గర్భసంచి ముడుచుకునేలా చేసే హార్మోన్. బర్రెలు పాలు చేపడానికి తబేలాల్లో చాటుగా వాడతారు. నర్సయ్య పొద్దున్నే దాన్ని గొర్రెకు వేశాడు. నొప్పులు రాలేదు, అతనికి భయం వచ్చి నన్ను పిలిచాడు.

"ఎందుకు వేశావన్నా?"

"ఇయ్యాల ఛుట్టీ సార్. రేపటి సంది మళ్ల పన్నెండు గంటల డ్యూటీ. ఈనేటప్పుడు జర దగ్గరుండాలె గద. నా మాట మొత్తం ఇనేది గిదొక్కటే. మిగతోళ్లు నడుమల్నే లేసి పోతరు."

గోడ క్యాలెండర్‌లో పొట్టేలుతో కట్టించిన తేదీకి సున్నా చుట్టి ఉంది. లెక్కపెట్టాను. 138వ రోజు. గొర్రె సుమారు 147 రోజులకు ఈనుతుంది.

నేను వివరంగా చెప్పాను. అప్పటిదాకా ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ గర్భసంచిని కదలనివ్వదు. నెలలు నిండాక కడుపులోని పిల్ల ఒంట్లోనే కార్టిసాల్ పెరుగుతుంది. దాంతో ప్రొజెస్టెరాన్ తగ్గి, ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. అప్పుడే ఆక్సిటోసిన్‌ను అందుకునే రిసెప్టర్లు గర్భసంచిలో ఎక్కువవుతాయి. అందుకే సూది పనిచేయలేదు.

"మరి ఎప్పుడు ఈంతది?"

"ఇంకో తొమ్మిది రోజులకు."

వేళ్లు మడిచాడు. "మంగళారం. నేను మగ్గం కాడుంట."

"గొర్రెలు వాటంతటవే ఈనుతాయన్నా."

"గంతేనంటరా?" అని గొర్రె మెడ నిమిరాడు.

తొమ్మిదో రోజు, మంగళవారం సాయంత్రం ఫోన్ చేశాడు. "రెండు పెట్టింది సార్. పెద్దదాన్ని నాకుతున్నది. చిన్నదాని మూతి మీద పొర అట్లనే ఉన్నది. నేనొచ్చేసరికి ఊపిరాడక సల్లవడ్డది."

బతికిన పిల్ల పాలు తాగుతోందో లేదో చూడమని చెప్పాను.

నా గదిలో ఒక్కణ్నే కూర్చుని మళ్లీ లెక్క వేశాను. డెక్సామెథసోన్ అనే సూది పిల్ల కార్టిసాల్ చేసే పనే చేస్తుంది. నెలలు నిండే దశలో వేస్తే, సుమారు రెండు రోజుల్లో గొర్రె ఈనుతుంది. 143వ రోజు, శుక్రవారం వేసి ఉంటే, ఈనడం ఆదివారానికి పడేది. నర్సయ్యకు ఛుట్టీ. ఆ మందు అప్పుడు కూడా నా బ్యాగులోనే ఉంది.

అతను అడిగింది తాను ఇంట్లో ఉండే ఒక రోజు. నేను పాఠం చెప్పి వచ్చాను. ఇప్పుడు చూలు గొర్రె దగ్గరికి వెళ్తే ముందు అడిగేది, ఇంట్లో ఎవరు ఏ రోజు ఉంటారని.

ఆ కేసు షీటులో చివరి వరుస: పుట్టినవి రెండు, బతికింది ఒకటి.