జీపుకు ఒత్తి తగ్గించిన రోజులు

ఆ రోజుల్లో మంట ఊరికే వెలగకూడదు. బియ్యం కడిగి పెట్టుకున్నాకే పొయ్యి అంటించాలి గానీ, పొయ్యి అంటించి బియ్యం కడగడానికి కూర్చోకూడదు. లాంతరు ముందు చదివేవాళ్లో, చేటలో రాళ్లు ఏరేవాళ్లో ఉంటే ఒత్తి పైకి. వాళ్లు లేచి వెళితే ఒత్తి కిందికి. మా అమ్మ నాకు నేర్పిన చదువు అదే. బడిలో నేను నాలుగో తరగతి దాటలేదు. అందులోనూ మిరపకోతల కాలం పోను నేను బడిలో కూర్చున్నది ఎన్నాళ్లో చెప్పుకోకపోవడమే మర్యాద. కానీ ఒత్తి విషయంలో నాకు ఎవరూ వంక పెట్టలేరు. ఆ ఒక్క చదువే మా ఇంటి జీపును అమ్మకం దాకా తెచ్చింది. ఆ సంగతి చెప్పమని మా మనవరాలు అడిగినప్పుడల్లా "నీకేం పనిలేదా" అని కసురుతూ వచ్చాను. మొన్న నరసరావుపేటలో జరిగినదాని తర్వాత కసరడానికి నాకు మొహం చెల్లలేదు. (అది చివర్లో చెబుతాను. ముందే చెబితే మిగతాది చదవరు.)

నా పెళ్లయిన మూడో ఏడు మా ఆయన సున్నపురాయి క్వారీలో లారీ తోలేవాడు. ఇంటికి వచ్చేసరికి కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి. మా మామ సున్నపు బట్టీల దగ్గర పనిచేసి, దగ్గి దగ్గి, నేను కాపురానికి రాకముందే పోయాడట. మా ఆయన దగ్గడం మొదలుపెట్టిన వారంలోనే నేను పట్టుబట్టి, ఇంట్లో ఉన్న ఎద్దుల జతను అమ్మించి, ఏదో ఆఫీసువాళ్లు వేలం వేసిన పాత పెట్రోలు జీపు కొనిపించాను. ఎద్దులు మా అత్త దూడలప్పటి నుంచి పెంచినవి. అవి వాకిలి దాటుతుంటే ఆమె ఏడవలేదు. నావైపు తిరిగి, "మేత వేస్తే నడిచేదాన్ని అమ్మి, తోస్తే నడిచేదాన్ని తెచ్చుకున్నావుగదే" అంది. అప్పటికి ఆ జీపును ఎవరూ తోయలేదు. ఆమె నోరు అట్లాంటిది.

జీపు పిడుగురాళ్ల నుంచి మాచవరానికి మనుషుల్ని తిప్పేది. ఆ స్టాండులో ఒక రివాజు ఉంది. జీపు నిలబడి ఉన్నంతసేపూ ఇంజను ఆడుతూనే ఉండాలి. ఆడుతుంటేనే జనం ఇదిగో కదులుతోందనుకుని ఎక్కుతారు. డ్రైవరు కిందికి దిగి "మాచవరం, మాచవరం" అని అరుస్తాడు, మధ్యలో ఎక్కి బండిని రెండు బారలు ముందుకు, రెండు బారలు వెనక్కి ఆడిస్తాడు, మళ్లీ దిగి అరుస్తాడు. బండి ఎక్కడికీ పోదు. ముప్పావుగంట గడిచి, వెనక ఇద్దరు వేలాడాక పోతుంది. ఇంజను ఆపి నిలబెట్టిన జీపులో కుక్క కూడా ఎక్కదు. నేను మొదటిసారి ఆ జీపులో కూర్చుని ఈ తతంగం చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ముప్పావుగంట. చదివేవాడు లేడు, చేట లేదు, రాళ్లు ఏరేది లేదు. మంట మాత్రం వెలుగుతూనే ఉంది.

జీపు బాగోగులు చూడటానికి ఒక మేస్త్రి ఉండేవాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు, పిడి తన చెవికి ఆనించి కళ్లు మూసుకుని వినేవాడు కాబట్టి అందరూ నాడి మేస్త్రి అనేవాళ్లు. ఒకరోజు మా వాకిట్లో బండి చూస్తుంటే అడిగాను.

"ఏందన్నా, నిలబడ్డప్పుడు కూడా పెట్రోలు తాగిద్దా ఇది?"

"తాగకపోతే ఎట్టా చెల్లెమ్మా, ఊపిరి ఉండాలిగా."

"తక్కువ తాగే మార్గం లేదా?"

"ఇదిగో, కార్బురేటరు పక్కన ఈ స్క్రూ చూడు. లాంతరుకి ఒత్తి తిప్పే బిళ్ల ఉంటది గదా, అట్టాంటిదే. ఇటు తిప్పితే పైకి, అటు తిప్పితే కిందికి. సరిగ్గా పెట్టా. ఇక దీన్ని ఎవరూ ముట్టుకోమాకండి."

ఆయన చెప్పినదంతా నేను శ్రద్ధగా విన్నాను. చివరి మాట అనేటప్పటికి మాత్రం లోపల పాలు పొంగుతుంటే పరుగెత్తాను.

మర్నాటి నుంచి తెల్లవారుజామున కళ్లాపి చల్లి, ముగ్గు వేసి, కొంగు ముడిలో ఉండే పావలా బిళ్ల తీసి, జీపు మూత ఎత్తి, ఆ స్క్రూను పావు తిప్పు కిందికి తిప్పేదాన్ని. అంతకంటే ఎక్కువ తిప్పలేదు. పొదుపుకూ పిసినారితనానికీ తేడా నాకు తెలుసు. ఈ పని ఎవరికీ చెప్పలేదు. దాచానని కాదు. వాకిలి ఊడ్చానని, పేడ ఎత్తానని ఎవరైనా చాటింపు వేస్తారా? మా అత్త అరుగు మీద మంచంలో అటు తిరిగి పడుకుని ఉండేది. ఆమె నిద్ర చెడగొట్టకుండా మూత మెల్లగా దించేదాన్ని.

నాలుగో రోజుకల్లా జీపుకు జబ్బు పట్టుకుంది. రోడ్డు మీద పోయేటప్పుడు ఏ బాధా లేదు. స్టాండులో నిలబెట్టి ఎక్సలేటరు మీంచి పాదం ఎత్తితే చాలు, ఒకసారి దగ్గి, నిలువెల్లా వణికి, ఆగిపోయేది. సెల్ఫు పలికితే పలికేది, లేకపోతే ఎక్కినవాళ్లు దిగి తోయాలి. (మా అత్త మాట నిజమైంది. ఆమె దాన్ని రోజుకు రెండుసార్లకు తగ్గకుండా గుర్తుచేసేది.) పాదం ఎత్తకుండా కూర్చుందామంటే కిందికి దిగి మనుషుల్ని పిలవడానికి లేదు. మా ఆయన తెలివిగా ఒక సున్నపురాయి తెచ్చి ఎక్సలేటరు మీద పెట్టి దిగాడు. జీపు చేసిన రంకెకు వెనక కూర్చున్న ముసలమ్మ కోళ్ల గంప నెత్తిన పెట్టుకుని దిగిపోయింది. "నాయనా, నేను ఇంకా కొన్నాళ్లు ఉందామనుకుంటన్నా" అందట. ఆ పక్క జీపు ఆయన నోట ఎప్పుడూ ఈల ఉండేది, అతన్ని ఈల బావ అనేవాళ్లు. అతను ఈల ఆపి మరీ పిలిచేవాడు: "ఇటు రండమ్మా, ఇటు. మా జీపులో ఊరికే కూర్చుంటే చాలు. తోసే పని లేదు."

నాడి మేస్త్రి మొదట ప్లగ్గులు గీకాడు, పాయింట్లు సరిచేశాడు, చివర ఎప్పటిలాగే ఆ స్క్రూ మళ్లీ తన లెక్కకు పెట్టాడు. మూడు రోజులు బాగుంది, నాలుగో రోజు ఆగింది. రెండోసారి కార్బురేటరు విప్పి, సూదంత రంధ్రంలో నలుసు పడిందని పెట్రోలుతో కడిగి నోటితో ఊదాడు. కడిగిన పెట్రోలు పారబోయబోతే నేను గిన్నె పట్టాను. మళ్లీ మూడు రోజులు. మూడోసారి, కార్బురేటరుకీ ఇంజనుకీ మధ్య అతుకులోంచి గాలి పీలుస్తోందేమోనని చుట్టూ నూనె చుక్కలు వేసి విన్నాడు. పీల్చడం లేదు. విచిత్రమేమిటంటే ఆయన చేతిలో ఉన్నంతసేపూ జీపు డాక్టరును చూసి జ్వరం తగ్గిన బిడ్డలా ఆడేది. చివరికి ఆ స్క్రూ కింది స్ప్రింగు చూసి, "దొరికిందిరా. ఇది సడలింది. బండి అదురుకి స్క్రూ దానంతటదే తిరిగిపోతా ఉంది" అని లారీదో ట్రాక్టరుదో గట్టి స్ప్రింగు తెచ్చి, కత్తిరించి బిగించాడు. మర్నాడు నేను తిప్పబోతే పావలా జారింది. మేస్త్రి పని గట్టిగా చేశాడని మెచ్చుకుని, బిళ్లను పటకారుతో పట్టుకుని తిప్పాను.

ఈలోగా నేనూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఉప్పు, మిరపకాయలు జీపు చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేశాను. (మంచి కాయలు దేనికని తాలు కాయలు వేశాను. అందుకే ఘాటు రాలేదని మా అత్త అంది.) దిష్టి తీసిన చేత్తోనే పొద్దున స్క్రూ తిప్పేదాన్ని. ఒక్క సంగతి మాత్రం నాకు లోలోపల సంతోషంగా ఉండేది. పెట్రోలు ఖర్చు తగ్గింది. నా పొదుపు ఫలిస్తోందనుకున్నాను. జనం ఎక్కక సగం రోజు స్టాండులోనే పడి ఉండే బండికి పెట్రోలు ఏం ఖర్చవుతుందని నాకు తట్టలేదు.

ఒక సాయంత్రం మా ఆయన వచ్చి చెప్పులు విడవకుండానే అరుగు మీద కూర్చున్నాడు. "మాచర్ల ఆయన ఎవరో ఆదివారం వస్తన్నాడు. జీపు ఇచ్చేస్తా. సోమవారం నుంచి లారీ ఎక్కుతా. క్వారీ గుమాస్తాతో మాట్టాడొచ్చా" అన్నాడు.

ఆ జీపు తెప్పించింది నేను, క్వారీ మాన్పించింది నేను. మా అత్త ఈ మాట కోసమే కాచుకుని ఉందని నాకు తెలుసు కాబట్టి ఆమె వైపు చూడలేదు. రోట్లో వక్క దంచుతున్న చప్పుడు ఆగింది.

"మళ్లీ క్వారీకేనా?" అంది.

"మరింక దేనికి?"

ఆమె వక్క దంచడం మళ్లీ మొదలుపెట్టలేదు.

శనివారం సాయంత్రం, వచ్చేవాళ్ల ముందు పరువు పోకూడదని, నాడి మేస్త్రి ఆఖరిసారి బండి సరిచేశాడు. మూత దించబోతుంటే మా అత్త తన సున్నపుకాయ ఆయన చేతిలో పెట్టింది.

"ఒరేయ్ మేస్త్రీ, ఆ తిప్పే స్క్రూ మీద ఇంత సున్నం పెట్టు."

"దిష్టికా పెద్దమ్మా?"

"ఆఁ, దిష్టికే. ఎవురి దిష్టో రేపు తెలిసిద్ది. పొద్దున్నే రా."

నేను ఆ మాట విన్నాను. ఆమెకు జీపు మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని ఆశ్చర్యపోయి, తెల్లవారగానే నా పని నేను చేసుకున్నాను. అమ్మేసే బండే కావచ్చు, రేపు ఖాళీ చేసే ఇల్లని ఈ పూట వాకిలి ఊడవడం మానేస్తామా? ముగ్గు పిండి చేతులు కాబట్టి బిళ్లకు అంటిన తెలుపు నాకు తేడాగా అనిపించలేదు.

మేస్త్రి వచ్చి మూత ఎత్తాడు. "పెద్దమ్మా, సున్నం చెదిరింది" అన్నాడు.

"ఏమే, కొంగు ముడి విప్పు" అంది మా అత్త.

నేను దొంగిలించానని నింద వేస్తోందనుకున్నాను. నిటారుగా నిలబడి, తొందరపడకుండా విప్పాను. పావలా బిళ్ల ఒక అంచున సున్నం ఎండి గట్టిగా పట్టేసి ఉంది.

మా ఆయన బిళ్లనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "నువ్వు తిప్పావా?"

"నేను కాక ఇంకెవురు తిప్పుతారు? రోజూ నేనేగా."

"రోజూనా?" అని మేస్త్రి నేలమీద చతికిలబడ్డాడు.

"పావు తిప్పేగదన్నా. నువ్వే చెప్పావుగా, ఒత్తి బిళ్ల అని. పని లేనప్పుడు ఒత్తి పైకి పెట్టి ఉంచుతారా?"

ఆయన కూర్చున్నచోటి నుంచే అన్నాడు: "ఆ కొత్త స్ప్రింగు వేశాక స్క్రూ నాకే ఓ పట్టాన తిరగలా చెల్లెమ్మా."

మా ఆయన వాళ్లమ్మ వైపు తిరిగాడు. "నీకు తెలుసా అమ్మా?"

"మొదటి రోజు నుంచీ. కళ్లు మూసుకుంటే నిద్రపోయినట్టేనా?"

"మరి చెప్పొచ్చుగా."

"చెబితే జీపు ఉండిద్ది, ఎద్దులు రావు. నోరు మూసుకున్నా." ఆకుకు సున్నం రాసుకుంటూ అంది. "నువ్వు క్వారీకి పోతానంటివి. ఎద్దులు లేకపోయినా బతకొచ్చులే."

మాచర్ల ఆయన వచ్చి మజ్జిగ తాగి వెళ్లాడు. మా ఆయన నన్ను "ఎక్కు" అని ముందు సీట్లో కూర్చోబెట్టి స్టాండుకు తీసుకుపోయాడు. ఇంజను ఆడుతుండగా దిగి, "మాచవరం, మాచవరం" అని అరిచాడు. నేను ముప్పావుగంట ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. చెయ్యి కొంగు ముడి మీదికి పోతూనే ఉంది. పావలా మా అత్త తీసేసుకుంది. ఒకరొకరే ఎక్కారు. కోళ్ల గంప ముసలమ్మ తల లోపల పెట్టి, "ఇయ్యాల రంకె వెయ్యదుగా?" అని అడిగి మరీ ఎక్కింది. ఆ మంట ఊరికే వెలగడం లేదని, జనాన్ని పిలుస్తోందని అప్పుడు తెలిసింది. అయినా ముప్పావుగంట ఎక్కువే. అరగంట చాలు. ఆ మాట ఆయనతో అప్పుడే అన్నాను, ఇప్పటికీ అంటున్నాను. ఆయన మళ్లీ క్వారీ మొహం చూడలేదు. ఈ వయసులో కూడా దగ్గు లేదు, నా మాట వినకపోవడం తప్ప వేరే జబ్బు లేదు.

మొన్న మా మనవరాలు కొత్త కారులో మా ఇద్దరినీ నరసరావుపేట కంటి ఆస్పత్రికి తీసుకుపోయింది. బజారులో ఎర్ర లైటు దగ్గర నిలబడగానే కారు చప్పుడు ఆగిపోయింది. నేను తలుపు గొళ్లెం వెతుక్కుంటూ, "దిగండి, తోద్దాం" అన్నాను.

"తోసేదేంది నాయనమ్మా? బండి నిలబడితే ఇంజను దానంతటదే ఆగిద్ది. పెట్రోలు మిగలటానికి. కంపెనీవాళ్లే అట్టా చేశారు" అంది.

పచ్చ లైటు పడింది. కారు దానంతటదే లేచి కదిలింది. ముందు సీట్లోంచి మా ఆయన వెనక్కి తిరగకుండానే, "ఆ కంపెనీలో మీ నాయనమ్మకి తెలిసినోళ్లు ఎవరో ఉన్నారమ్మా" అన్నాడు.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ముగ్గు చేత్తో జీపు మూత ఎత్తి పట్టుకుని, మునివేళ్ల మీద నిలబడి, నాలుక పళ్లమధ్య బిగించి పావలా బిళ్ల తిప్పుతున్న ఆ పిల్ల కనిపించింది. చుట్టూ ఇంకా చీకటే. ఎంత శ్రద్ధగా తిప్పుతోందో. కసరబోయి, ఊరుకున్నాను.